కార్చిచ్చు, కబురు, సెల్ టవర్

(ఫైర్ సీజన్ మొదలయ్యే ముందు నల్లమల అంచు గ్రామంలో వనసంరక్షణ సమితి సభ్యులు, ప్రొటెక్షన్ వాచర్లు, ఊరి పెద్దలు కూర్చున్న సమావేశంలో ఒక విశ్రాంత అటవీ రేంజి అధికారి చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అక్కాచెల్లెళ్లకు, అడవిలో డ్యూటీ చేస్తున్న తమ్ముళ్లకు నమస్కారం.

నన్ను పిలిచింది అడవి మంటల గురించి మాట్లాడమని. కానీ పొద్దున బస్సు దిగినప్పటి నుంచి నన్ను పలకరించిన వాళ్లలో సగం మంది మంటల ఊసే ఎత్తలేదు. "సార్, ఊరి పక్కన సెల్ టవర్ వేస్తామంటున్నారు. దాంతో క్యాన్సర్ వస్తుందంట కదా?" అని అడిగారు. టవర్ వద్దని అర్జీ కూడా రాసి పెట్టుకున్నారని తెలిసింది. దాని సంగతి ఇంకో రోజు చూద్దాం అని తప్పించుకోవచ్చు. నాకు అది ఇష్టం లేదు. అడవిలో మంట ఆర్పడానికి పోయిన మనిషి తిరిగి ఇంటికి రావడం చాలాసార్లు ఒక కబురు సమయానికి అందడం మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ రెండూ కలిపే మాట్లాడతాను.

ముందు మంట సంగతి. ఫిబ్రవరి వచ్చేసరికి మన అడవి ఆకు రాల్చేస్తుంది. మద్ది, చిరుమాను, తునికి, ఇప్ప, ఏ చెట్టు కింద చూసినా ఎండాకు పరుచుకుని ఉంటుంది. బోదగడ్డి నిలువునా ఎండి ఉంటుంది. మన దగ్గర లేచేది ఎక్కువగా నేల మీద పాకే మంట. విదేశాల వీడియోల్లో చూసినట్టు చెట్ల కొనల మీద దూకుతూ పోయేది కాదు. దాంతో "ఏముందిలే, ఆకే కదా కాలింది" అనేస్తారు. కాలేది ఆకు ఒక్కటే కాదు. పోయిన వానల్లో మొలిచిన మొక్క కాలిపోతుంది. రాలిన విత్తనం కాలిపోతుంది. నేల మీద గుడ్లు పెట్టే పిట్ట, పరుగెత్తలేని తాబేలు కాలిపోతాయి. ఏటా కాలే అడవిని దూరం నుంచి చూస్తే పచ్చగానే కనిపిస్తుంది. లోపలికి వెళ్తే అన్నీ ముసలి చెట్లే, పిల్ల చెట్టు ఒక్కటి ఉండదు.

పిడుగు పడి అంటుకోవడం మన వైపు చాలా అరుదు. నిప్పు మనిషి చేతిలోంచే వస్తుంది. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద శుభ్రంగా ఉంటుందని ఆకు కాలుస్తారు. కాలిస్తే బీడీ ఆకు బాగా చిగురు వేస్తుందని కాలుస్తారు. పశువులకు లేత గడ్డి కోసం కాలుస్తారు. ఇక శ్రీశైలం నడకదారి ఉంది. శివరాత్రికి మనవాళ్లు, ఉగాదికి కర్ణాటక భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నడిచిపోతారు. రెండు పండగలూ సరిగ్గా అడవి ఎండే రోజుల్లోనే వస్తాయి. దారిలో మూడు రాళ్లు పెట్టి వండుకుంటారు. తిని లేచాక పొయ్యిలో నీళ్లు పోయరు. అలసిపోయిన మనిషి తెచ్చుకున్న నీళ్లు తాగడానికే దాచుకుంటాడు, ఆ కష్టం నాకు తెలుసు. అందుకే భక్తులను తిట్టడం కన్నా, మకాం వేసే ప్రతి చోటా మనమే ముందుగా ఆకు ఊడ్చి, ఒక డ్రమ్ము నీళ్లు పెట్టడం మేలు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎక్కడ అడవి అంటుకున్నా ముందు చెంచుల మీదికి నెట్టేయడం అలవాటైపోయింది. నా సర్వీసులో మంటను మొదట చూసింది, మొదట కబురు చెప్పింది, మాకంటే ముందు పచ్చి మండలు విరిచి మంట మీద కొట్టింది ఎక్కువసార్లు పెంటల్లో, అంటే అడవిలోని తమ చిన్న గూడేల్లో, ఉండే చెంచులే. వాళ్లను అనుమానించే అధికారికి సమయానికి కబురు చెప్పేవాళ్లు ఎవరూ మిగలరు.

కబురు ఎలా వస్తుందో చెప్తాను. డెహ్రాడూన్‌లో ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా అనే సంస్థ ఉంది. ఉపగ్రహాల కంటికి చిక్కిన మంటల వివరాలను అది 2004 నుంచి రాష్ట్రాలకు పంపుతోంది. 2019లో ఈ పద్ధతిని ఇంకా మెరుగుపరిచారు. పేరు నమోదు చేసుకుంటే మీ ఫోన్‌కే ఎస్సెమ్మెస్ వస్తుంది. గొప్ప ఏర్పాటు, కాదనను. అయితే దాని పరిమితి కూడా తెలియాలి. మనకు ఎక్కువగా పనికొచ్చే ఉపగ్రహ పరికరం చూసే ఒక్కో చుక్క నేల మీద 375 మీటర్లు. అది మన నెత్తి మీదికి మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో ఒకసారి, అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర ప్రాంతంలో ఒకసారి వస్తుంది. మధ్యాహ్నం మూడింటికి అంటుకున్న నిప్పు రాత్రి దాకా దాని కంట పడకపోవచ్చు. పడ్డాక ఆ లెక్క డెహ్రాడూన్ చేరాలి, అక్కడి నుంచి రేంజి ఆఫీసుకు, ఆఫీసు నుంచి బీట్ ఆఫీసర్‌కు, ఆయన దగ్గర నుంచి అడవిలో వాచర్లు మకాం ఉండే బేస్ క్యాంపుకు రావాలి. ఆకాశం నుంచి ఆఫీసు దాకా కబురు చకచకా వస్తుంది. ఆఫీసు నుంచి క్యాంపు దాకానే ఆగిపోతుంది, ఎందుకంటే క్యాంపులో సిగ్నల్ ఉండదు.

వైర్‌లెస్ సెట్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. కానీ ఆ తరంగానికి కొండ అడ్డం వస్తే దాటలేదు. కొండ మీద మాటను అందుకుని ముందుకు పంపే రిపీటర్ ఉండి, దాని బ్యాటరీ బాగుంటేనే లోయలో ఉన్నవాడి మాట బయటికి వినిపిస్తుంది. ఒక క్యాంపులో ఒకే ఒక బండరాయి మీద నిలబడితే ఫోన్‌లో ఒక గీత వచ్చేది. వాచర్లు ఇంటికి ఫోన్ చేయాలన్నా, మంట కబురు చెప్పాలన్నా ఆ బండే దిక్కు. జనం ఎక్కీ దిగీ ఆ రాయి ఒక పక్క నున్నగా అరిగిపోయింది.

కబురు తెగిపోతే ఏమవుతుందో తెలియాలంటే 1949 ఆగస్టు 5న జరిగింది వినండి. అమెరికాలో మోంటానా రాష్ట్రం, మిస్సోరీ నది ఒడ్డున మాన్ గల్చ్ అనే చిన్న లోయ. దారీ తెన్నూ లేని చోటు. మంట ఆర్పడానికి 15 మంది విమానం నుంచి పారాచూట్లతో దూకారు. సామాను కూడా పారాచూట్లకు కట్టి వదిలారు. అందులో ఒక పారాచూట్ విచ్చుకోలేదు. దానికి కట్టి ఉన్నది వాళ్ల దగ్గరున్న ఒకే ఒక రేడియో. నేలకు తగిలి ముక్కలైపోయింది. ఇక బయటి లోకంతో వాళ్లకు సంబంధం లేదు.

అప్పటికే అక్కడ ఒంటరిగా మంటతో పోరాడుతున్న అటవీ కాపలా మనిషి ఒకరు వాళ్లతో కలిశారు. నది వైపు దిగుతున్నారు. నది దగ్గరుంటే క్షేమం అనుకున్నారు. వాళ్లకు తెలియకుండానే మంట లోయ దాటి దిగువ నుంచి ఎదురొచ్చింది. ఏపుగా ఎదిగి ఎండిన గడ్డి, నిటారు వాలు. వెనక్కి తిరిగి ఎగువకు పరుగెత్తారు. మంట వాళ్లకన్నా వేగంగా పరుగెత్తింది. ఇక అందుకుంటుందని తెలిసిపోయాక దళ నాయకుడు వాగ్ డాడ్జ్ పరుగు ఆపి, అగ్గిపుల్ల గీసి, తన ముందున్న గడ్డికే నిప్పు పెట్టారు. అంత గడ్డీ కాలిపోగానే ఆ వేడి బూడిదలోకి దిగి బోర్లా పడుకున్నారు. "ఇందులోకి రండి" అని మిగతావాళ్లను పిలిచారు. వాళ్లకు అర్థం కాలేదు. వెనక మంట తరుముతుంటే ముందు నిప్పు పెట్టే మనిషిని ఎవరు నమ్ముతారు? ఒక్కరూ ఆగలేదు. పెద్ద మంట వచ్చి, కాలిపోయిన ఆ ముక్కను పక్కన వదిలేసి పోయింది. 13 మంది చనిపోయారు. డాడ్జ్ బతికారు, రాళ్ల సందులోంచి గట్టు దాటిన ఇద్దరు బతికారు.

తమ్ముళ్లూ, ఇందులో మీరు మనసులో పెట్టుకోవాల్సినవి ఉన్నాయి. మంట దిగువన ఉండి మీరు ఎగువన ఉంటే అది అత్యంత ప్రమాదం. వాలు పది డిగ్రీలు పెరిగితే మంట వేగం దాదాపు రెట్టింపు అవుతుంది. కొండెక్కి తప్పించుకుందాం అనుకోకూడదు. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు పోయినవాళ్లు మంటల్లో చిక్కుకుని 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లను చుట్టుకున్నది కూడా ఎండు గడ్డి వాలు మీద గాలికి లేచిన మంటే. రెండోది, అప్పటికే కాలిపోయిన నేలే మీకు రక్ష. అక్కడ మళ్లీ కాలడానికి ఏమీ ఉండదు. పనిలోకి దిగేముందే ఆ నల్లటి నేల ఎటు ఉందో చూసుకోండి.

పాల్ గ్లీసన్ అని అమెరికాలో కార్చిచ్చు దళాలకు నాయకత్వం వహించిన మనిషి 1991లో ఒక నియమం రాశారు. మంట దగ్గరికి వెళ్లే ప్రతి జట్టుకూ నాలుగు ఉండాలన్నారు. ఎత్తున నిలబడి మంటను కనిపెట్టే ఒక మనిషి. ఆ మనిషి నుంచి మిగతావాళ్లకు కబురు. తప్పించుకునే దారి. చేరుకుంటే ప్రాణం దక్కే చోటు. ఈ నాలుగింటిలో మనకు మూడు ఉన్నాయి. కనిపెట్టే కళ్లు మన వాచర్లకు ఉన్నాయి. దారులు మీకు కొట్టినపిండి. మంట దాటకుండా ఆకు, గడ్డి తీసేసి ఫైర్ లైన్లు వేసుకుంటున్నాం, బ్లోయర్లతో ఆకు ఊదుతున్నాం, కాబట్టి నిలబడే చోటూ ఉంటుంది. లేనిది కబురే. అందుకే టవర్ వద్దని మీరు రాసిన అర్జీ నాకు ఆందోళన కలిగించింది.

మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. 2004లో అమెరికా, కెనడా దేశాల అగ్నిమాపక ఉద్యోగుల సంఘం బోస్టన్‌లో సమావేశమై, గట్టి పరిశోధన జరిగి హాని లేదని తేలేదాకా ఫైర్ స్టేషన్ల మీద సెల్ యాంటెనాలు పెట్టవద్దని తీర్మానం చేసింది. మంటల్లోకి నడిచే మనుషులే ఆ అనుమానం పెట్టుకున్నారు. గ్వాలియర్‌లో ఒక క్యాన్సర్ రోగి వేసిన కేసులో 2017లో సుప్రీంకోర్టు ఆయన పనిచేసే ఇంటి దగ్గరి టవర్‌ను ఆపమంది. ఆ వార్త వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతోంది. అది ఆ ఒక్క టవర్ విషయంలో ఇచ్చిన ఆదేశం, టవర్ వల్ల క్యాన్సర్ వస్తుందని సైన్సు తేల్చిన తీర్పు కాదు.

సైన్సు ఏం చెప్పిందో చూద్దాం. ఎక్స్‌రే కిరణానికి ఒంట్లోని కణాన్ని లోపల తెంచే శక్తి ఉంటుంది. ఫోన్ తరంగానికి అంత శక్తి లేదు. అది చేస్తుందని నిర్ధారణగా తెలిసింది కొద్దిపాటి వేడి, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో క్యాన్సర్ పరిశోధన సంస్థ ఉంది. 2011 మేలో వాళ్లు ఈ తరంగాలను 2బీ అనే జాబితాలో పెట్టారు. అంటే క్యాన్సర్ కలిగించే అవకాశం ఉందేమో, ఆధారాలు మాత్రం పరిమితం అని. ఆ ఆధారాలు కూడా ప్రధానంగా ఫోన్‌ను తలకు ఆనించి ఏళ్ల తరబడి ఎక్కువగా మాట్లాడిన వాళ్ల గురించి, ఊరి పక్క టవర్ గురించి కాదు. తర్వాత 2024లో, అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్షలో 63 పరిశోధనలను కలిపి చూశారు. ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదు.

ఇప్పుడు అసలు సంగతి. అదే లియాన్ సంస్థ 2022లో ఇంకో నిర్ణయం ప్రకటించింది. మంటలు ఆర్పే వృత్తిని గ్రూప్ 1లో పెట్టింది. మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన వాటి జాబితా అది. పొగాకు పొగ ఉన్నది అందులోనే. ఈ జాబితాలు రుజువు ఎంత గట్టిదో చెప్తాయి, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు. ఆ తేడా పక్కన పెట్టకండి. అయినా చూడండి, ఒకే సంస్థ, ఒకే పద్ధతి. టవర్ తరంగం గురించి "ఏమో" అంది, మంట ఆర్పేవాడి పని గురించి "అవును" అంది. మన ఊళ్లో మొదటి దాని మీద అర్జీ ఉంది. రెండోదాని మీద ఎవరూ ఒక్క కాగితం రాయలేదు. మన పిల్లలు తువ్వాలు కట్టుకుని, చెప్పులతో, రోజుకూలికి పొగలోకి వెళ్తున్నారు.

ఇంకొక విషయం చాలామందికి తెలియదు. దూరంగా ఉన్న మనిషిని పిలవాలంటే గొంతు పెంచుతాం కదా, ఫోన్ కూడా అంతే. టవర్ దగ్గరుంటే తక్కువ శక్తితో మాట్లాడుతుంది. సిగ్నల్ అందని చోట ఉన్న శక్తంతా పెట్టి వెతుకుతుంది. అడవిలో ఫోన్ వేడెక్కి, ఛార్జింగ్ సాయంత్రానికే అయిపోవడం మీరందరూ చూసిందే. టవర్ నుంచి మన ఒంటికి చేరేదానికన్నా చెవి దగ్గర పెట్టుకున్న ఫోన్ నుంచి వచ్చేదే ఎక్కువ. టవర్ దూరమైతే అది ఇంకా పెరుగుతుంది. అంటే తరంగాల భయంతో టవర్‌ను తరిమేస్తే, మన తలకు తగిలే తరంగం తగ్గదు, పెరుగుతుంది.

ప్రభుత్వం కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2012 సెప్టెంబరు 1 నుంచి మన దేశంలో టవర్ తరంగాల పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు తగ్గించారు. ఫోన్ నుంచి ఒంట్లోకి ఇంకే శక్తి కిలోకు 1.6 వాట్లు దాటకూడదనే పరిమితి పెట్టారు. మీ ఫోన్‌లో స్టార్, హ్యాష్, సున్నా, ఏడు, హ్యాష్ నొక్కి చూడండి, దాని లెక్క కనిపిస్తుంది. ఇంకా అనుమానం ఉంటే స్పీకర్ ఆన్ చేసి మాట్లాడండి, లేదా ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. ఫోన్ వల్ల ప్రాణం పోవడం నేను నిజంగా చూసింది బండి నడుపుతూ మాట్లాడేవాళ్ల విషయంలో. దాని మీద ఏ అనుమానమూ లేదు, ఏ పరిశోధనా అక్కర్లేదు.

వాచర్ తమ్ముళ్లకు కొన్ని పని మాటలు. తువ్వాలు ముఖానికి కడితే బూడిద ఆగుతుంది. సన్నటి పొగ ఆగదు. ఎన్95 మాస్కు ఆ సన్న పొగను చాలావరకు ఆపుతుంది కానీ కార్బన్ మోనాక్సైడ్ వాయువును అదీ ఆపలేదు. దానికి వాసన ఉండదు. తలనొప్పి, వికారం, తల తిరగడం, చిన్న విషయం కూడా తేల్చుకోలేకపోవడం, ఇవి దాని గుర్తులు. జట్టులో ఒకడు ఉన్నట్టుండి తిక్కగా మాట్లాడుతుంటే వాడిని ముందు పొగ నుంచి బయటికి తీసుకురండి. వంతులు వేసుకోండి. గాలి మీ వీపు వైపు ఉండేలా నిలబడండి. టెరికాటన్ చొక్కా వద్దు, వేడికి కరిగి చర్మానికి అంటుకుంటుంది. మందపాటి నూలు బట్ట వేసుకోండి. బూట్లు ఇవ్వకపోతే అడగండి. అడగడం మీ హక్కు. మీరు అడగడానికి మొహమాటపడితే సమితి తరఫున పెద్దలు అడగాలి.

ఫోన్ విషయంలో కూడా ఒక క్రమం పెట్టుకోండి. సిగ్నల్ లేని లోయలో దిగుతున్నప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, బ్యాటరీ మిగులుతుంది. గట్టు ఎక్కినప్పుడు తీయండి. ఏ గంటకు ఎవరు ఎక్కడి నుంచి ఫోన్ చేయాలో వెళ్లేముందే అనుకోండి. చెప్పిన గంటకు ఫోన్ రాలేదంటే ఇవతల ఉన్నవాళ్లు ఊరుకోకూడదు, మనిషిని పంపాలి. కాల్ కలవని చోట కూడా ఒక్కోసారి ఎస్సెమ్మెస్ పోతుంది, ప్రయత్నించండి. జీపీఎస్‌కు టవర్‌తో పని లేదు. మ్యాపు ముందే ఫోన్‌లో దించుకుంటే సిగ్నల్ లేకున్నా మీరెక్కడున్నారో చూపిస్తుంది.

టవర్ వస్తే అన్నీ సర్దుకుంటాయని మాత్రం అనుకోకండి. 2018 నవంబరులో కాలిఫోర్నియాలో ప్యారడైజ్ అనే ఊరు అడవి మంటకు కాలిపోయింది. 85 మంది చనిపోయారు. ఫోన్లు లేని ఊరు కాదు అది. టవర్లే కాలిపోయాయి, ఎంతోమందికి హెచ్చరిక చేరనే లేదు. కాబట్టి టవర్ ఉన్నా వైర్‌లెస్ సెట్లు ఉండాలి, రిపీటర్ బ్యాటరీలు మార్చాలి, గుడి మైకు పనిచేయాలి, దండోరా వేసే మనిషి ఉండాలి.

నాకు కూడా ఒక అభ్యంతరం ఉంది. టవర్ పేరు చెప్పి అడవి లోపలికి కొత్త రోడ్డు వేయడం, పులి తిరిగే చోట రాత్రంతా డీజిల్ జనరేటర్ మోగించడం నేను ఒప్పుకోను. పిట్టల మీద, తేనెటీగల మీద టవర్ల ప్రభావం చూడమని 2010లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక నిపుణుల కమిటీ వేసింది. జాగ్రత్తగా ఉండాలనే ఆ కమిటీ కూడా చెప్పింది. ఊరి పక్కన, ఉన్న రోడ్డు మీద, సోలార్‌తో నడిచే టవర్ వేరు. నడి అడవిలో వేసేది వేరు.

(సభలోంచి ఒక మహిళ: "సార్, మా కోడలు కడుపుతో ఉంది. టవర్ మా ఇంటికి దగ్గరే అంటున్నారు. ఏం కాదా?")

అమ్మా, మంచి ప్రశ్న. మన దేశం పెట్టిన పరిమితి లోపల ఉన్న టవర్ వల్ల కడుపులో బిడ్డకు హాని అని రుజువు లేదు. మీకు ధైర్యం కావాలంటే టెలికాం శాఖ వాళ్లు వచ్చి కొలుస్తారు, తరంగ్ సంచార్ అనే పోర్టల్‌లో దరఖాస్తు పెట్టొచ్చు. ఇక్కడి కుర్రాళ్లు ఎవరైనా పెట్టిస్తారు. కానీ ఆ అమ్మాయిని కట్టెల పొయ్యి పొగలో ఎక్కువసేపు కూర్చోనివ్వకండి. అడవి కాలుతున్న రోజు ఊళ్లోకి పొగ దిగితే తలుపులు మూసి లోపలే ఉంచండి. కడుపుతో ఉన్నవాళ్లకు పొగ మంచిది కాదని మాత్రం గట్టి ఆధారాలే ఉన్నాయి. రాత్రి నొప్పులు వస్తే 108కి ఫోన్ కలవాలి కదమ్మా, దానికీ ఆ టవరే కావాలి.

(ఇంకొకరు: "మరి అర్జీ ఏం చేయమంటారు?")

చింపేయమని నేను అనను. మార్చి రాయండి. టవర్ బడికి, ఇళ్లకు కాస్త ఎడంగా వేయమనండి. వేశాక తరంగం కొలిచి ఆ లెక్క పంచాయతీ బోర్డు మీద పెట్టమనండి. కరెంటు పోయినా నడిచేలా బ్యాటరీ పెట్టమనండి. చుట్టూ ఏటా ఆకు, గడ్డి తీయించే బాధ్యత కంపెనీదే అని రాయండి. రెండో కాగితం ఫారెస్టు డిపార్టుమెంటుకు రాయండి: మంట ఆర్పే ప్రతి మనిషికీ బూట్లు, మాస్కు, నూలు బట్టలు, ఏడాదికోసారి ఊపిరితిత్తుల పరీక్ష, గాయపడితే వైద్యం ఖర్చు. ఆ రెండో కాగితం మీద మొదటి సంతకం నాది వేసుకోండి. పెన్ను ఎవరి దగ్గరైనా ఉందా?